మా అబ్బాయి కోపంలో న్యాయమెంతో వాడికే తెలిసేలా చెయ్యడం ఎలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ అబ్బాయి ఇంటర్ ఫస్టియర్. ఈ ఏడాదిగా కోపం ముక్కు మీదే ఉంటోంది. పోయిన ఆదివారం చుట్టాల ఎదుట మీరు ఫోన్ లాక్కుంటే గదిలోకి పోయి తలుపు విసిరికొట్టాడు, గడియ ఊడింది. అదే పిల్లవాడు అంతకుముందు వారం కాలేజీలో, ఫీజు కట్టలేదని ఒక కుర్రాణ్ణి లెక్చరర్ క్లాసులో నిలబెట్టి నానా మాటలూ అంటుంటే లేచి, "అది ఆఫీసులో అడగాలి కదా సార్" అన్నాడు. మొదటిదానికి మీకు ఒళ్ళు మండింది. రెండోదానికి లోలోపల ముచ్చటేసింది. "రెండూ కోపాలే. ఒకటి సబబు, ఒకటి కాదు అనిపిస్తోంది గానీ ఎందుకో వాడికి చెప్పలేకపోతున్నాను. చెప్పబోతే, తప్పు వాళ్లది పెట్టుకుని నన్నంటారేంటి అంటున్నాడు" అని రాశారు. ఎనిమిదో తరగతి చదివే చెల్లెలికి అసలు కోపమే రాదని చివర్లో ఒక ముక్క కలిపారు. ఆ సంగతీ చెప్తాను, అది చిన్న విషయం కాదు.

నేరుగా చెప్పాలంటే: కోపాన్ని మంచిదా చెడ్డదా అని మొత్తంగా తూచకండి. దాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్క గురించీ విడిగా అడగండి. ఏ కోపంలోనైనా ముందు ఒక ఆరోపణ ఉంటుంది: "ఫలానావాళ్లు నాకు (లేదా ఇంకొకరికి) అన్యాయం చేశారు." దాని వెనకే ఒక తీర్పు ఉంటుంది: "కాబట్టి వాళ్లకి ఇలా జరగాలి, నేను ఇలా చెయ్యాలి." పదిహేను, పదహారేళ్ల పిల్లలకి ఈ రెండూ ఒకే క్షణంలో, ఒకే మాటగా వస్తాయి. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది కోపాలు ఎలాంటివంటే, ఆరోపణలో ఎంతో కొంత నిజం ఉంటుంది, తీర్పు మాత్రం అతిగా ఉంటుంది. మనం తీర్పును చూసి ఆరోపణని కూడా కొట్టిపారేస్తాం. వాళ్లు ఆరోపణని చూసుకుని తీర్పును కూడా సమర్థించుకుంటారు. ఇంట్లో గొడవ అక్కడే తెగకుండా ఉండిపోతుంది.

మీ ఆదివారం సంగతే తీసుకోండి. వాడి ఆరోపణ ఏంటి? "నా ఫోన్ లాక్కున్నారు" అనా, "అందరి ముందూ లాక్కున్నారు" అనా? వాడినే అడగండి. మొదటిదైతే అందులో పెద్దగా పస లేదు. ఫోన్ కొనిచ్చింది మీరు, ఎప్పుడు వాడాలో చెప్పే హక్కు మీకుంది. రెండోదైతే, మీకు నచ్చినా నచ్చకపోయినా, అందులో నిజం ఉంది. మేనమామ ముందు, పిన్ని పిల్లల ముందు చేతిలోది గుంజుకుంటే ఆ వయసులో అది మామూలు అవమానం కాదు. మీకు మీ ఆఫీసులో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటారా? కాబట్టి ముందు మీరు అనాల్సిన మాట: "అందరి ముందూ లాక్కోవడం బాగాలేదు. పిలిచి చెప్పాల్సింది." ఆ మాట అన్నాక ఆగండి. "కానీ" అంటూ వెంటనే మొదలుపెడితే ముందు అన్నదంతా వృథా. ఒక పూట పోనిచ్చి అప్పుడు గడియ సంగతి ఎత్తండి. గడియ బాగుచేయించే పని వాడిదే. వడ్రంగిని పిలవడం, పక్కన నిలబడి చేయించడం, డబ్బులు తన పాకెట్ మనీలోంచి ఇవ్వడం. అది శిక్షలా కాదు, మామూలుగా, ఊడగొట్టినవాడు బిగించాలి అన్నట్టుగా. ఇలా ఒకే సంఘటనలో "నీ కోపానికి కారణం ఉంది" అనీ, "నువ్వు చేసినదానికి బాధ్యత నీదే" అనీ రెండూ వాడు వింటాడు. ఈ రెండూ కలిసి ఉండగలవని తెలియడమే మీరు అడిగిన తేడాలో సగం.

నేను డాక్టర్ని కాదు, సైకాలజీ చదివినదాన్నీ కాదు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత ఒక జూనియర్ కాలేజీ హాస్టల్లో పిల్లలతో మాట్లాడే బాధ్యత తీసుకున్నాను. కొట్లాటలు, అలకలు, అన్నం మానెయ్యడాలు, గోడలు గుద్దుకోవడాలు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. కింద చెప్పేవన్నీ అక్కడివే.

"కోపం మంచిది కాదు" అన్న మాట ఎందుకు ఎక్కదో ముందు చెప్తాను. తెలుగు మీడియంలో చదివినా, ఇంగ్లీషు మీడియంలో చదివినా "తన కోపమె తన శత్రువు" పద్యం రాని పిల్లాడు మనకి దొరకడు. తాత్పర్యం రాసి మార్కులు కూడా తెచ్చుకుంటారు. కానీ కళ్ల ముందు అన్యాయం జరుగుతున్నప్పుడు ఆ పద్యం వాళ్లకి "నోరు మూసుకో" అన్నట్టే వినిపిస్తుంది. నిజానికి మన పెద్దలు ఒకే పక్క చెప్పలేదు. భారతంలో అడవికి వెళ్లాక ద్రౌపది ధర్మరాజుతో చేసిన వాదన ఉంది చూడండి, అక్కడ ఆవిడ ప్రహ్లాదుడు మనవడైన బలికి చెప్పిన మాట గుర్తు చేస్తుంది: ఎప్పుడూ తీక్ష్ణంగా ఉండటమూ మేలు కాదు, ఎప్పుడూ ఓర్చుకుంటూ పోవడమూ మేలు కాదు. ధర్మరాజు ఓర్పు పక్షాన జవాబు చెప్తాడు. వ్యాసుడు ఇద్దరి చేతా గట్టిగా మాట్లాడించాడు. నేను ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు నిటారుగా కూర్చునేవి. కోపానికి కూడా వాదించే హక్కు ఉందని ఒక పెద్దమనిషి నోటి వెంట వినడం వాళ్లకి కొత్త.

కానీ ఈ విషయంలో నాకు బాగా ఉపయోగపడిన కథ అది కాదు, శృంగి కథ. పిల్లలకి పాముకాటు భాగం తెలుసు, శాపం భాగం తెలుసు, మధ్యలో ఉన్న అసలు సంగతి తెలియదు. ఆదిపర్వంలో ఉన్నట్టు చెప్తాను. పరీక్షిత్తు మహారాజు వేటలో కొట్టిన లేడి తప్పించుకుపోయింది. దాన్ని వెతుక్కుంటూ ఆకలి, దాహంతో శమీకుడి దగ్గరికొచ్చి ఇటు వెళ్లిందా అని అడిగాడు. ముని మౌనవ్రతంలో ఉన్నాడు, పలకలేదు. రాజుకి అది తెలియదు. చిర్రెత్తి, పక్కనున్న చచ్చిన పామును వింటి కొసతో ఎత్తి ముని భుజాన వేసి వెళ్లిపోయాడు. ముని కొడుకు శృంగి కుర్రాడు. వాడికి ఈ సంగతి చెప్పింది కృశుడనే స్నేహితుడు. అదీ ఎగతాళిగా, "ఊరికే గొప్పలు పోకు, మీ నాన్న మెడలో చచ్చిన పాముంది చూసుకో" అన్న ధోరణిలో. శృంగి అక్కడికక్కడే, ఏడు రాత్రులు గడవకముందే తక్షకుడు కరిచి రాజు చావాలని శపించాడు. ఆ తర్వాత తండ్రి దగ్గరికి వెళ్లాడు. కొడుకు తనకోసం ఇంత చేశాడని తండ్రి సంతోషించలేదు. రాజు అలసి ఉన్నాడు, నా వ్రతం సంగతి తెలియదు, అతని రక్షణలో మనం బతుకుతున్నాం, నువ్వు చేసింది తగదు అన్నాడు. శాపం వెనక్కి తీసుకోవడం కుదరదు కనక, జాగ్రత్త పడమని శిష్యుడు గౌరముఖుణ్ణి రాజు దగ్గరికి పంపాడు.

కథ చెప్పి, పిల్లల్ని అడిగేదాన్ని: శృంగి కోపం న్యాయమా, కాదా? క్లాసు రెండుగా చీలిపోయేది. "వాళ్ల నాన్న మెడలో పాము వేస్తే కోపం రాదా మేడం?" అని ఒక పక్క. "దానికి చంపేస్తారా?" అని ఇంకో పక్క. కాసేపు అరుచుకోనిచ్చాక ఎవరో ఒకరు, ఎక్కువసార్లు మాట్లాడని పిల్లలే, కోపం కరెక్టే గానీ శాపం ఎక్కువైంది అనేవాళ్లు. నేను చెప్పాల్సిన పని ఉండేది కాదు. అక్కణ్నుంచి ఇంకా లోపలికి పోవచ్చు. శృంగి విన్నది నిజమే, అబద్ధం కాదు. అయినా విననిది ఒకటుంది: రాజుకి వ్రతం సంగతి తెలియదని. శపించేముందు తండ్రిని అడిగి ఉంటే తెలిసేది. పైగా వాడికి మంట పుట్టించింది తండ్రికి జరిగిన అవమానమా, తోటివాడు నవ్విన నవ్వా? ఈ చివరి ప్రశ్న అడిగినప్పుడు క్లాసు నిశ్శబ్దమయ్యేది. ఎందుకంటే వాళ్ల కొట్లాటల్లో సగం అవే. దెబ్బ తగిలినందుకు కాదు, నలుగురూ చూసినందుకు.

ఇక మామూలు రోజుల్లో వాడాల్సిన పద్ధతికి వద్దాం.

ముందు జరిగింది, తర్వాతే అనుకున్నది. కోపంగా ఉన్న పిల్లాడు జరిగినదాన్నీ, తను ఊహించినదాన్నీ కలిపి ఒకే కథగా చెప్తాడు. "వాడు కావాలనే నన్ను తీసేశాడు" అంటాడు. మా హాస్టల్లో ఒక కుర్రాడు సరిగ్గా ఈ మాటతోనే ఇంకొకడి చొక్కా చింపాడు. క్లాసు వాట్సాప్ గ్రూప్‌లో తన నంబరు లేదు, మిగతావాళ్లంతా ఉన్నారు. పిలిచి కూర్చోబెట్టి, "అక్కడొక సీసీ కెమెరా ఉంటే అందులో ఏం కనపడేదో అది మాత్రమే చెప్పు. ఎందుకు చేశాడో కెమెరాకి తెలియదు" అన్నాను. చాలాసేపు తన్నుకులాడి చివరికి ఒకే ఒక్క వాక్యం మిగిలింది: "కొత్త గ్రూప్‌లో నా నంబరు లేదు." తర్వాత తేలిందేంటంటే, ఆ గ్రూప్ పెట్టిన పిల్లాడి ఫోన్ పోయింది, కొత్త ఫోన్‌లో ఉన్న నంబర్లతో మళ్లీ గ్రూప్ కట్టాడు, ఇతనిది ఒక్కడిదే కాదు, మరి కొందరివీ జారిపోయాయి. "కావాలనే", "ఎప్పుడూ", "అందరూ" అన్న మాటలు తీసేసి మళ్లీ చెప్పమనండి. ఇంకేం చెయ్యకపోయినా సగం వేడి అక్కడే దిగుతుంది.

ఇది నా సొంత తెలివి అనుకోకండి. కెన్నెత్ డాడ్జ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1980లో పిల్లల మీద ఒక పరిశోధన ప్రచురించాడు. తాము పేరుస్తున్న పజిల్‌ని ఇంకో పిల్లాడు చెడగొట్టినట్టు వాళ్లని నమ్మించారు. కొందరికి అది కావాలని చేసినట్టు, కొందరికి పొరపాటున జరిగినట్టు, కొందరికి ఏదీ తేలనట్టు. కావాలని చేశాడని తెలిసినప్పుడూ, పొరపాటని తెలిసినప్పుడూ దూకుడు పిల్లలూ మామూలు పిల్లలూ పెద్ద తేడా లేకుండానే స్పందించారు. తేడా వచ్చింది ఏదీ తేలనప్పుడు. దూకుడు పిల్లలు దాన్ని కావాలని చేసినట్టే తీసుకున్నారు. అంటే వాళ్లకి న్యాయం తెలియక కాదు, తెలియని చోట చెడునే ఊహించడం వాళ్లకి అలవాటైంది. మీవాడిలో ఈ అలవాటు ఉందేమో గమనించండి. ఇంట్లో పెద్దవాళ్లు "వాడి బుద్ధి అంతే, కావాలనే చేస్తాడు" అని పక్కింటివాళ్ల గురించి రోజూ అంటుంటే పిల్లలు అదే నేర్చుకుంటారు, ఇది కూడా చూసుకోండి.

మనుషుల్ని మార్చి చూడమనండి. "అదే పని నీ ప్రాణస్నేహితుడు చేస్తే ఇంతే కోపం వచ్చేదా? అదే పని నువ్వే చేస్తే అవతలివాడు నిన్నేం చెయ్యాలనుకుంటావ్?" పిల్లలకి ఈ ప్రశ్న బాగా నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో మనం తీర్పు చెప్పట్లేదు. ఇది ముఖ్యంగా మార్కుల కోపాలకి పనికొస్తుంది. "వాడికి అన్ని మార్కులెలా వచ్చాయి, కాపీ కొట్టి ఉంటాడు, లేకపోతే సార్ పార్షియాలిటీ" అని ఊగిపోతారు. పార్షియాలిటీ నిజంగానే ఉండొచ్చు, లేదని నేననను. కానీ ఆ మార్కులు తనకే వచ్చి ఉంటే పేపర్ ఎలా దిద్దారని అడిగేవాడా? లేదనుకుంటే అది న్యాయం గురించిన కోపం కాదు, కడుపుమంట. కడుపుమంట ఉండటం నేరమేమీ కాదు, ఆ వయసులో నాకూ ఉండేది, అని చెప్పండి. అది న్యాయం వేషం వేసుకుని తిరగడమే చిక్కు. సినిమా హీరోల అభిమానుల గొడవలకి కూడా ఈ ఒక్క ప్రశ్న చాలు, వాటి గురించి ఇంతకంటే రాయడం దండగ.

ఇక, మీ అబ్బాయి క్లాసులో లేచి నిలబడ్డ సంగతి. మీకు ముచ్చటేసింది, నాకూ వేసింది. అయినా ఒక మాట. వేరొకరి తరఫున వచ్చే కోపం న్యాయమైనదే అయినా, దాని ఖర్చు ఎవరు కడతారో చూడాలి.

నేను పనిచేసిన ఒక ఊళ్లో టెన్త్ పిల్లలు కొందరు క్లాస్‌మేట్ ఇంట్లో పెళ్లికి భోజనానికి వెళ్లారు. వడ్డించే పెద్దాయన ఒక పిల్లాణ్ణి "మీదే వీధి బాబూ?" అని అడిగి, తెలుసుకుని, లేపి చివర బంతికి పొమ్మన్నాడు. ఎందుకో నేను చెప్పక్కర్లేదు. ఆ పిల్లాడు తల వంచుకుని లేచాడు. పక్కనున్న స్నేహితుడు మాత్రం విస్తరి తోసేసి, ఆ పెద్దాయన్ని పట్టుకుని అడగరాని మాటలు అడిగి, గోల చేసి వచ్చేశాడు. మర్నాటి నుంచి, ఎవరికోసం గోల చేశాడో ఆ పిల్లాడే ఇతనితో మాట్లాడటం మానేశాడు. ఇతనికి అర్థం కాలేదు. నా దగ్గరికి ఇద్దరూ వచ్చినప్పుడు ఆ పిల్లాడు అన్నాడు: "మా నాన్న చేసేది వాళ్ల పొలమే మేడం, కౌలుకి. వీడు అరిచి ఇంటికెళ్లిపోయాడు. రాత్రి మా ఇంటికి మనుషులొచ్చారు."

స్నేహితుడి ఆరోపణలో నూటికి నూరుపాళ్లు న్యాయం ఉంది. అలాంటి అవమానాన్ని నేరం చేస్తూ దేశంలో 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టమే ఉంది. తక్కువైంది ఒక్కటే: అన్యాయం జరిగినవాణ్ణి, "నువ్వేం చేద్దామంటావ్?" అని అడగలేదు. అడిగితే ఏమనేవాడివి అని ఆ పిల్లాణ్ణి అడిగాను. "అందరం కలిసి లేచి వచ్చేద్దాం అనేవాణ్ణి, ఏం మాట్లాడకుండా" అన్నాడు. నిజానికి అరుపు కంటే అది పెద్ద దెబ్బ. బంతి ఖాళీ అయిపోతే ఊరంతా అడుగుతుంది.

కాబట్టి మీవాణ్ణి మెచ్చుకోండి, మెచ్చుకుని అడగండి: ఆ ఫీజు కుర్రాడు తర్వాత నీతో ఏమన్నాడు? వాడి ఫీజు సంగతేమైంది? లెక్చరర్ వాడి మీద ఏమైనా కక్ష పెట్టుకున్నాడా? జవాబు తెలియదంటే, తెలుసుకు రమ్మనండి. కోపం తను నిలబడ్డ ఆ నిమిషంతో అయిపోలేదని, అవతలివాడి గురించి ఆలోచన ఇంకా ఉందని వాడికి అప్పుడు తెలుస్తుంది.

కోపం న్యాయమైనదని తేలాక ఏం చెయ్యాలి? ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు చేతులెత్తేస్తారు. "సరే, నువ్వన్నది నిజమే, కానీ మనమేం చెయ్యగలం, సర్దుకుపో" అంటారు. నిజమని ఒప్పుకుని దారి చూపించకపోతే, పిల్లాడికి మిగిలేది తలుపే.

హాస్టల్లో ఒక వేసవిలో ఆడపిల్లల బ్లాకులో నీళ్లు సరిగా వచ్చేవి కాదు. తెల్లవారుజామున కాసేపు వచ్చి ఆగిపోయేవి. పిల్లలు వార్డెన్‌కి చెప్తే, "మీ ఇళ్లల్లో షవర్లున్నాయా?" అందట. పిల్లలు ఉడికిపోయి ప్రీ-ఫైనల్ పరీక్షలు రాయకూడదని తీర్మానించుకుని నా దగ్గరికొచ్చారు. పరీక్షలు మానేస్తే నష్టం ఎవరికి అని అడిగితే తెల్లమొహం వేశారు. అప్పుడు కూర్చుని ఒక అర్జీ రాశారు. వార్డెన్ ఎలాంటిదో అందులో లేదు. ఏ అంతస్తుకి ఎన్నింటికి నీళ్లు వస్తున్నాయి, ఎన్నింటికి ఆగుతున్నాయి, ఎంతమంది ఉన్నారు, ఏం కావాలి, అంతే. వారం పాటు టైములు రాసుకున్నారు. ప్రిన్సిపాల్‌కి ఇచ్చారు. మోటారు వేసే వేళలు మారాయి. పై అంతస్తుకి మాత్రం ఎండాకాలం పోయేదాకా కష్టమే అయింది, ముందు సంతకం పెట్టిన పిల్ల మీద వార్డెన్ రుసరుసలు కూడా ఏడాది చివరిదాకా పోలేదు. ఇవి కూడా పిల్లలకి చెప్పాలి. సబబైన కోపంతో సబబైన పని చేసినా మొత్తం గెలుస్తామని ఎవరూ రాసివ్వరు.

మన దగ్గరే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 90ల మొదట్లో అక్షరాస్యత తరగతులకి వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్ల కూలి డబ్బంతా సారా కొట్టుకే పోతోందని తిరగబడ్డారు. వాళ్లలో ముందు నిలబడ్డ రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. వాళ్లకి ఎంత కోపం ఉండి ఉంటుందో ఊహించండి. ఏళ్ల తరబడి తన్నులు తిన్నవాళ్లు. కానీ ఆ కోపం పట్టుకున్నది ఒక్కటే: మా ఊళ్లో సారా కొట్టు ఉండకూడదు. తర్వాత జిల్లాలో సారా వేలంపాటల్నే అడ్డుకున్నారు. ఊరూరా పాకి, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. ఇది చెప్పి పిల్లల్ని నేను అడిగే ప్రశ్న: "నీ కోపానికి ఏం కావాలి? ఒక్క వాక్యంలో చెప్పు." చెప్పగలిగితే ఆ కోపంతో పని చెయ్యొచ్చు. "వాడు ఏడవాలి" తప్ప ఇంకేం చెప్పలేకపోతే, ఆరోపణ నిజమైనా సరే, ఇంకా ఆగాల్సిన కోపం అది.

ఆగడం అంటే గుర్తొచ్చింది. దిండును గుద్దెయ్, గట్టిగా అరిచెయ్, లోపలిదంతా కక్కేస్తే పోతుంది అని సలహాలిస్తుంటారు. ఇవ్వకండి. బ్రాడ్ బుష్మన్ అనే మనస్తత్వవేత్త 2002లో కొన్ని వందలమంది కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించాడు. ముందు వాళ్లు రాసిన వ్యాసాన్ని ఎవరో ఘాటుగా తిట్టినట్టు చేసి కోపం తెప్పించాడు. కొందరు ఆ తిట్టినవాణ్ణి తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దారు, కొందరు వ్యాయామం అనుకుంటూ గుద్దారు, కొందరు ఏం చెయ్యకుండా ఊరికే కూర్చున్నారు. తలుచుకుంటూ గుద్దినవాళ్లకే కోపం ఎక్కువగా మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లు వాళ్లకంటే నయం. కాబట్టి వేడిగా ఉన్నప్పుడు గుద్దించనూ వద్దు, మాట్లాడించనూ వద్దు. వదిలెయ్యండి. అన్నం తిన్నాడా, నిద్రపోయాడా చూసుకోండి. తెల్లవారుజామున స్టడీ అవర్లకి లేచి, రాత్రి పొద్దుపోయాక పడుకునే ఇంటర్ పిల్లల కోపాల్లో నిద్ర వాటా ఎంతో ఎవరూ లెక్కేయరు.

తెల్లారేసరికి పోతే ఉత్త కోపం, ఉంటే న్యాయమైన కోపం అని కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. అక్కసు కూడా తెల్లారేసరికి అలాగే ఉంటుంది, ఇంకా పెరిగి ఉంటుంది. నిజంగా అన్యాయం జరిగిన పిల్లలు నిద్రలేచి "పోనీలే" అనేసుకోవడమూ చూశాను. నిద్ర వల్ల వచ్చే లాభం ఏంటంటే, ఈ ప్రశ్నలు అడిగితే వినగలిగే స్థితిలో ఉంటారు. అంతే.

ఎక్కడ అడగాలన్నదీ ముఖ్యమే. ఎదురుగా కుర్చీ వేసి కూర్చుని అడిగితే అది పోలీస్ స్టేషనే. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు, ఒకరి మొహం ఒకరు చూసుకోని వేళ బాగా మాట్లాడతారు. ఒకసారికి ఒక్క ప్రశ్నే. వరసగా సంధిస్తే, మీరు వాడి చేత తప్పు ఒప్పించడానికే ఇదంతా చేస్తున్నారని కనిపెట్టేస్తాడు. వాడి జవాబుని బట్టి మీ అభిప్రాయం కూడా అప్పుడప్పుడూ మారాలి. మారకపోతే ఆ ప్రశ్నలు ఉత్తివే. వీలైతే మీ కోపాన్ని కూడా ఇలాగే వాడి ముందు విప్పండి. "ఇందాక ఆటో అతని మీద అరిచాను. చిల్లర లేదనడం నిజమే అయ్యుంటుంది. నాకు ఆఫీసుకి లేటైన చిరాకు" అని పైకి అనండి. ఉపన్యాసం కంటే ఇది ఎక్కువ వింటారు.

ఈ ప్రశ్నలు అస్సలు అడగకూడని చోటు ఒకటుంది. పిల్లలు ఒక మనిషి పేరు వింటేనే మండిపడుతుంటే, ఒక ఇంటికి రానంటుంటే, ఒక సార్ క్లాసుకి పోనని మొండికేస్తుంటే, దాని వెనక ఒంటి మీద చెయ్యి వెయ్యడం లాంటిది ఉండొచ్చు. అలాంటిదేమైనా బయటపెడితే "అతను కావాలనే చేశాడని నీకెలా తెలుసు?" అన్న మాట మీ నోట రాకూడదు. అది ఆ పిల్లకి మనం చేసే రెండో అన్యాయం. నమ్మండి, పక్కన నిలబడండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. ర్యాగింగ్ కూడా అంతే. "సీనియర్లు సరదాకి అని ఉంటారు" అనకండి. మన దగ్గర 1997లోనే దానికి చట్టం వచ్చింది. కాలేజీ పిల్లలకి జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. పైన చెప్పిన పద్ధతంతా రోజువారీ కొట్లాటలకీ, సమానమైనవాళ్ల మధ్య తగాదాలకీ. బలం ఉన్నవాడు లేనివాణ్ణి హింసించే చోట హింస పడ్డవాడి కోపాన్ని పరీక్షకి పెట్టడం తప్పు.

మీ అమ్మాయి సంగతి. "దానికి కోపమే రాదు, బంగారు తల్లి" అని రాశారు. పదమూడేళ్ల పిల్లకి కోపమే రాకపోవడం అనేది నేను ఎక్కడా చూడలేదండీ. వస్తుంది, పైకి రానివ్వదు. మన ఇళ్లలో మగపిల్లాడు అరిస్తే "వయసు" అంటాం, ఆడపిల్ల అరిస్తే "రేపు అత్తారింట్లో ఇలాగే చేస్తావా" అంటాం. అది విని విని, తనకి జరిగింది అన్యాయమని గుర్తుపట్టడమే మానేస్తారు కొందరు. మా హాస్టల్లో ఒక అమ్మాయి రికార్డులు మొత్తం క్లాసులో నలుగురికి రాసిపెట్టేది. రాత్రి పొద్దుపోయేదాకా రాసి రాసి తలనొప్పని వచ్చేది. "ఎందుకు రాస్తున్నావ్, కోపం రాదా?" అంటే "అడిగారు కదా మేడం" అనేది. మీవాడితో తీర్పు దగ్గర ఎక్కువ పని ఉంది. ఈ పిల్లతో ఆరోపణ దగ్గర పని ఉంది. "నీకు ఈ వారంలో ఏది అన్యాయం అనిపించింది?" అని అప్పుడప్పుడూ అడగండి. మొదట్లో ఏం లేదంటుంది. అడగడం మానకండి. ఒకరోజు అన్నయ్యకి లేని ఇంటిపని తనకే ఎందుకని అడిగినా అడగొచ్చు. అప్పుడు జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

చివరిగా, ఇవేవీ సరిపోని పరిస్థితి ఎప్పుడో చెప్తాను. కోపంలో తనని తాను గాయపరుచుకుంటుంటే, ఇంట్లోవాళ్ల మీద చెయ్యి చేసుకుంటుంటే, చచ్చిపోతాననో చంపేస్తాననో అంటుంటే, లేదా వారాల తరబడి నిద్ర, తిండి, చదువు అన్నీ తలకిందులైతే ఇక న్యాయాన్యాయాల చర్చ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మీరు రాసినదాన్ని బట్టి మీవాడిది అంతవరకూ పోయినట్టు నాకు అనిపించలేదు. గడియ ఒక్కసారే ఊడిందా, ఇంతకుముందు కూడా వస్తువులు పగలగొట్టాడా అన్నది మీరు రాయలేదు. అది రాస్తే ఇంకొంచెం చెప్పగలను.